హెపటైటిస్‌ బి: మాత్ర పనిచేస్తోందో లేదో తెలిపే పరీక్ష



“డాక్టరు గారూ, ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. కళ్ళు పచ్చగా లేవు, అన్నం సయిస్తోంది. ఇంకా ఈ మాత్రలు ఎందుకండీ?” హెపటైటిస్‌ బి ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు అడగకుండానే మాత్రలు మానేస్తారు. దానివల్ల కలిగే అపాయం ఏమిటో తెలుసుకుందాం.

రెండు పరీక్షలు

హెచ్‌.బి.ఎస్‌.ఏజి. పరీక్ష వైరస్‌ మన శరీరంలో ఉన్నదా లేదా అని చెబుతుంది. ఎంత ఉన్నదో చెప్పేది డి.ఎన్‌.ఏ. పరీక్ష. దీనినే వైరల్‌ లోడ్‌ అంటారు. పి.సి.ఆర్‌. అనే పద్ధతిలో వైరస్‌ జన్యుపదార్థాన్ని ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెంచుతూ పోతారు. 30 సార్లు రెట్టింపైతే ఒక్కటే వంద కోట్లు దాటుతుంది! అందుకే రక్తంలో కొద్దిపాటి వైరస్‌ ఉన్నా దొరికిపోతుంది.

మాత్రలు వాడుతుండగా “వైరస్‌ కనబడలేదు” అని రిపోర్టు వస్తే సంతోషమే. అయితే వైరస్‌ పూర్తిగా పోయిందని కాదు. దాని మూలం కాలేయ కణాలలో దాగి ఉంటుంది. మాత్ర ఆపితే మరల లేస్తుంది.

మందుకు లొంగని వైరస్‌

ఈ వైరస్‌ తన నకళ్ళు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోలేదు. ఆ తప్పులలో ఒకటి మందును తట్టుకునేదైతే, ఆ రకమే బ్రతికి పెరుగుతుంది. లామివుడిన్‌ ఒక్కటే వాడినవారిలో మొదటి ఏడాదికి నూటికి సుమారు 20 మందిలో, 5 ఏళ్ళకు సుమారు 70 మందిలో ఇలా జరిగింది. అంతకుముందు మందు వాడనివారిలో ఎంటెకావిర్‌కు 5 ఏళ్ళలో నూటికి ఒకరిద్దరిలోనే ఇలా జరిగింది. కాని లామివుడిన్‌కు లొంగని వైరస్‌ ఉన్నవారిలో ఎంటెకావిర్‌ కూడా సగంమందికి విఫలమైంది. అటువంటివారికి టెనోఫోవిర్‌ మేలు.

లోడ్‌ పెరిగితే?

అంతకుముందు వచ్చిన కనిష్ఠ స్థాయికంటే 10 రెట్లు పెరిగితే, ఉదాహరణకు 200 నుండి 2,000కు, జాగ్రత్తపడాలి. డాక్టరు మొదట అడిగేది “మాత్రలు తప్పకుండా వేసుకున్నారా?” అనే. దయచేసి నిజం చెప్పండి, ఎవరూ కోప్పడరు. రోజూ వేసుకున్నా పెరిగితే, వైరస్‌ జన్యువును చదివే పరీక్ష చేసి మందు మార్చవచ్చు.

గుర్తుంచుకోండి

1. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపవద్దు. ఒక్కసారిగా ఆపితే కాలేయం తీవ్రంగా దెబ్బతిని ప్రాణాపాయం కలుగవచ్చు. పసరు మందు దీనికి బదులు కాదు.
2. ఎంటెకావిర్‌ ఖాళీ కడుపుతో వేసుకోవాలి: తిన్న 2 గంటల తరువాత, మరల తినడానికి 2 గంటల ముందు.
3. పాత మందుచీటీలన్నీ తీసుకురండి. లామివుడిన్‌ ఎప్పుడైనా వాడి ఉంటే తప్పక చెప్పండి.
4. మందు మొదలుపెట్టక ముందు హెచ్‌.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోండి. రెండూ ఉంటే చికిత్స వేరు.
5. ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోండి, వ్యాధి లేనివారు టీకా వేయించుకోండి. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు టీకా పడాలి.
6. కలిసి భోజనం చేసినా, గుడిలో ప్రక్కన కూర్చున్నా ఇది అంటదు. రోగిని దూరం పెట్టవద్దు. బ్లేడు, సూది, టూత్‌బ్రష్‌ మాత్రం ఎవరివి వారికే.

సువార్త వ్రాసిన లూకా కూడా వైద్యుడే. ప్రార్థన మానవద్దు, మాత్రా మానవద్దు. ప్రభువు మీకు ఆరోగ్యము దయచేయును గాక.