యెజ్డీ పెట్రోల్లో ఆయిలు ఎందుకు?

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా మోటారు సైకిళ్లు తయారు చేసింది. మొదట వాటి పేరు జావా, తర్వాత యెజ్డీ. మా ఇంట్లో ఒక యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. నాన్న కన్నడలో చెప్పింది నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఇది 250 సీసీ టూ-స్ట్రోక్ బండి. ఇప్పటి ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఇంజన్ ఆయిలు అడుగున వేరేగా ఉంటుంది. ఇందులో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేసులోకి వచ్చి, అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి పోతాయి. కాబట్టి అక్కడ ఆయిలు నిలవ ఉంచలేం. పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే పిస్టన్‌ను, బేరింగులను తడపాలి. గేరుబాక్సు ఆయిలు మాత్రం వేరే.

ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది. దాన్నే ‘సీజ్’ అంటారు. వేగంలో ఉండగా సీజ్ అయితే వెనక చక్రం కూడా బిగుసుకుని మనిషి పడిపోవచ్చు. అందుకే మేము లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి కలుపుతాం.

ఇంకో సంగతి. మనం తిరుపతికి పోతే పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగాలి కదా? అక్కడ యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి గేరులోనే చాలాసేపు దిగకూడదు. పెట్రోలు తగ్గితే దాంతోపాటు ఆయిలూ తగ్గిపోతుంది. మధ్యమధ్యలో కొంచెం తిప్పుతుండాలి.

ఇంజన్ ఆరోగ్యం ప్లగ్ చెబుతుంది. చల్లారాక విప్పి చూడండి. లేత గోధుమరంగు అయితే మంచిది. నల్లగా, తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువైంది. తెల్లబడితే ఇంజన్ మరీ వేడెక్కుతోంది.

వచ్చే నెల నాన్న ఆ బండి మీదే తిరుపతికి పోతారంట. ఆయిలు కొలిచే పని నాది.