పడకగదిలో పాట రికార్డింగ్

ప్రశ్న: గాత్రం, వయొలిన్ ఇంట్లోనే రికార్డు చేసుకోవాలనుంది. తక్కువ ఖర్చులో ఏమేం కొనాలి?

జవాబు: ఒక మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, ఇప్పటికే ఉన్న కంప్యూటర్. మొదలుపెట్టడానికి ఇవి చాలు. గాయని బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్ చాలావరకు ఆమె అన్న ఫినియాస్ పడకగదిలోనే తయారైంది. 2020లో గ్రామీ ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ దానికే దక్కింది.

మైకు ఎంపిక గదిని బట్టి ఉండాలి. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ మైకు కమాను తీగను తాకే సన్నని ఒరిపిడిని కూడా పట్టుకుంటుంది. ఫ్యాను చప్పుడునీ, వీధిలో హారన్లనూ అంతే శ్రద్ధగా పట్టేస్తుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. సందడి ఎక్కువున్న ఇంట్లో 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకే నయం.

గాత్రం, వయొలిన్ రెండూ ఒకేసారి రికార్డు చేయాలంటే రెండు మైకులు, రెండు మైకు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌కు ముందే డబ్బు పెట్టనక్కర్లేదు. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం; విండోస్‌లో రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.

గోడల ప్రతిధ్వని తగ్గడానికి దళసరి దుప్పట్లు వేలాడదీయాలి. తారస్థాయిలో పాడి చూసి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ సరిచేసుకోవాలి. శ్రుతిని హెడ్‌ఫోన్స్‌లోనే వింటే అది మైకులోకి చొరబడదు.