ఫార్మాలో చేరుతున్నారా? ముందు రికార్డు రాయడం నేర్చుకోండి

బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో ఉద్యోగం వెతుక్కునేవారు మెషీన్ల పేర్లు, సాఫ్ట్‌వేర్ పేర్లు బట్టీపట్టి ఇంటర్వ్యూకు వెళ్తుంటారు. వాటిని కంపెనీ ఎలాగూ నేర్పుతుంది. మిమ్మల్ని నిలబెట్టేది మీరు రాసే రికార్డు.

ఎందుకో తెలియాలంటే ఈ పరిశ్రమ పెరిగిన తీరు చూడాలి. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అదే మందును మరో పద్ధతిలో చౌకగా చేసే దారి మనవాళ్లకు దొరికింది. హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించింది ఆ రోజుల్లోనే. 2005లో మందుకే పేటెంటు వచ్చింది. అప్పటికే మన జెనరిక్స్ దేశదేశాలకు చేరాయి. ఇప్పుడు కొనేవాడు ధరతో పాటు రికార్డూ అడుగుతున్నాడు.

2022లో గాంబియాలో పసిపిల్లల మరణాలకు మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌లతో సంబంధం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. 2023 డిసెంబరులో కేంద్రం మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనలను కఠినం చేసింది. రూ.250 కోట్ల లోపు టర్నోవరున్న కంపెనీలకు పొడిగించిన గడువు కూడా 2025 డిసెంబరుతో ముగిసింది. అంటే చిన్న యూనిట్లో చేరినా ఈ నిబంధనలు తప్పవు.

చేరిన మొదటి రోజు నుంచే ఈ కింది పద్ధతులను అలవాటు చేసుకోండి.

రీడింగ్ చూసిన వెంటనే రాయండి. నైట్ షిఫ్టులో రెండున్నరకు చూడాల్సిన రియాక్టర్ ఉష్ణోగ్రత మరిచిపోయారనుకోండి. మూడింటికి గుర్తొస్తే పైన ఉన్న అంకె చూసి అందాజుగా నింపకండి. ‘రీడింగ్ తీయలేదు’ అని రాసి, సూపర్‌వైజరుకు చెప్పి, డీవియేషన్ వేయించండి. తప్పిన రీడింగుకు వివరణ ఇవ్వొచ్చు, కల్పించిన అంకెకు ఇవ్వలేం.

తప్పు రాస్తే ఒకే గీత కొట్టి, సరైనది పక్కన రాసి, కారణం, సంతకం, తేదీ వేయండి. వైట్‌నర్ వద్దు, చిత్తు కాగితాలు వద్దు.

క్యూసీలో ఫలితం స్పెసిఫికేషన్ దాటితే ‘ట్రయల్’ పేరుతో మళ్లీ ఇంజెక్ట్ చేయకండి. హెచ్‌పీఎల్‌సీ ఆడిట్ ట్రెయిల్‌లో ప్రతి ఇంజెక్షనూ సమయంతో సహా ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారులు మొదట తెరిచేవాటిలో అదొకటి. మీ పాస్‌వర్డు స్నేహితుడికైనా ఇవ్వకండి.

సిరప్ యూనిట్లో ఉంటే, ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ డ్రమ్ములు సప్లయర్ సర్టిఫికెట్ చూసి వదిలేయకండి. విషపు గ్లైకాల్ పరీక్ష పూర్తయ్యాకే లోపలికి పంపండి.

‘ఆ రీడింగ్ వేసెయ్, నేను చూసుకుంటా’ అని పైవారు అంటే, మర్యాదగానే కాదనండి. క్యూఏకు రాతపూర్వకంగా తెలియజేయండి. తనిఖీలో పేజీ మీద కనిపించేది మీ సంతకమే. అలా రాయమని పదేపదే ఒత్తిడి చేసే చోట ఎక్కువ కాలం ఉండకండి. పద్ధతిగా పనిచేసినవారికి మరో కంపెనీలో చోటుంటుంది.

మీరు పరీక్షించిన సీసా ఏ ఊళ్లో ఏ పసిపిల్లకు పడుతుందో మీకు తెలియదు. తెలిసిన బిడ్డకే పడుతున్నంత జాగ్రత్తగా సంతకం చేయండి.