డబ్బు కదలకముందే దాని పేరు తేల్చండి

శుక్రవారం సాయంత్రం బ్యాంకు ఫారెక్స్ డెస్క్ నుంచి మెయిల్ వస్తుంది. ఇన్‌వాయిస్‌లో కన్సల్టెన్సీ ఫీజు అని ఉంది, అగ్రిమెంటులో గ్రాంట్ అని ఉంది, మీరిచ్చిన పర్పస్ కోడ్ ఈ రెండింటికీ సరిపోవడం లేదు, వివరణ పంపండి అని. లండన్‌లోని కన్సల్టెంటు రిపోర్టు ఇచ్చి ఆరు వారాలైంది. డైరెక్టర్ ఇప్పటికే రెండుసార్లు అడిగారు. ఆ సాయంత్రం మీ చేతుల్లో ఉండేది చాలా తక్కువ. తప్పు అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టిన రోజునే జరిగిపోయింది.

విదేశాలకు డబ్బు పంపడం, అక్కడి నుంచి తెప్పించుకోవడం, పార్సిళ్లు విడిపించడం నేను పదిహేనేళ్లకు పైగా చేస్తున్నాను. ఆగిపోయిన పేమెంట్లలో ఎక్కువ భాగం కాగితం లేక ఆగినవి కావు. కాగితాలన్నీ ఉండి, ఒక్కోటి ఒక్కో మాట చెప్పడం వల్ల ఆగినవి. ఒకే పది వేల డాలర్లు గ్రాంట్ అయితే ఒక చట్టం కిందికి వెళ్తాయి, ఫీజు అయితే ఇంకో చట్టం కిందికి, సరుకు ధర అయితే మూడో దాని కిందికి. ఆ పేరు మీరు ముందే తేల్చకపోతే, తర్వాత బ్యాంకో ఆడిటరో కస్టమ్స్ అధికారో తేలుస్తారు. వాళ్లు తేల్చింది మీకు అనుకూలంగా ఉంటుందని ఆశపెట్టుకోవద్దు.

ముందు లోపలికి వచ్చే డబ్బు సంగతి. హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో మీరు అకౌంట్స్ చూస్తున్నారనుకుందాం. అమెరికాలోని ఒక ఫౌండేషన్ డబ్బు ఇస్తానంది. మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదు, లేదా రెన్యువల్ పెండింగ్‌లో ఉంది. అప్పుడు ఎవరో ఒకరు "కన్సల్టెన్సీ ఫీజు అని ఇన్‌వాయిస్ వేద్దాం" అంటారు. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. మామూలు వ్యాపార క్రమంలో అమ్మిన సరుకుకో చేసిన సేవకో తీసుకున్న ఫీజు విదేశీ విరాళం కిందికి రాదని 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టంలోనే వివరణ ఉంది. నిజంగా సేవ చేస్తే ఆ దారి సరైనదే. ఫౌండేషన్ వాళ్లకు ఒక సర్వే కావాలి, మీరు చేశారు, రిపోర్టు వాళ్లు వాడుకుంటారు, రేటు బజారు రేటుకు దగ్గరగా ఉంది, జీఎస్టీ లెక్కలో సేవల ఎగుమతిగా చూపారు. అది ఫీజే. అలా కాకుండా ఆ డబ్బుతో గురుకులంలో మరుగుదొడ్లు కడితే, పైన ఇన్‌వాయిస్ ఎంత చక్కగా వేసినా అది విరాళమే. ప్రతిఫలం ఎవరికి దక్కింది అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే మీకే తెలిసిపోతుంది.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకోటి ఉంది. ఊరి బడికి అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు డబ్బు పోగుచేస్తారు. అందులో హెచ్‌1బీ మీద ఉండి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదివిన స్నేహితులు కావచ్చు, చట్టం చూసేది పాస్‌పోర్టునే. ఇద్దరూ కలిసి న్యూజెర్సీలో రిజిస్టర్ చేసిన అసోసియేషన్ ఖాతా నుంచి పంపితే, సభ్యులంతా భారతీయులే అయినా అది విదేశీ సంస్థ డబ్బే. కాబట్టి దాత ఎవరైనా పాస్‌పోర్టు కాపీ అడగండి. మొహమాటపడొద్దు. "మా వాడే కదా" అన్న మాట ఆడిట్ ఫైల్లో పనికిరాదు. రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు కోసం ట్రస్టీ కొడుకు ఖాతాలోకి డబ్బు వేయించి, అక్కడి నుంచి తెచ్చుకుందామనే సలహా కూడా వస్తుంది. అది మినహాయింపు కాదు, ఉల్లంఘన. మీ సంతకంతో ఆ వోచర్ పాస్ చేయకండి.

రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా 2020 సవరణను ఇంకా పూర్తిగా జీర్ణం చేసుకోలేదు. విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు, దానికి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, మళ్లించడానికి లేదు. ఈ మూడోదే ఎక్కువమందిని ముంచుతోంది. పాత అలవాటు ప్రకారం జిల్లాలోని చిన్న సంస్థకు కొంత డబ్బు ఇవ్వాలి. సబ్‌గ్రాంట్ కుదరదు కాబట్టి "సర్వీస్ అగ్రిమెంట్" రాస్తారు. లోపల చూస్తే పని వివరం ఉండదు, రేటు ఉండదు, క్వార్టర్‌కు ఇంత అని వాయిదాలు, చివర యూటిలైజేషన్ సర్టిఫికెట్. యూటిలైజేషన్ సర్టిఫికెట్ అడిగిన క్షణంలోనే అది గ్రాంట్ అని మీరే రాసి ఇచ్చినట్టు. సేవ కొన్నవాడు సేవ అందిందా లేదా చూస్తాడు, అవతలివాడు ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాడో అడగడు.

ఇప్పుడు బయటికి వెళ్లే డబ్బు. బ్రిటన్‌లోని ఒక కన్సల్టింగ్ కంపెనీకి మీరు 10,000 డాలర్లు ఇవ్వాలి. ప్రోగ్రామ్ టీమ్ వాళ్లు ఒప్పందంలో "అన్ని పన్నులూ పోను చేతికి 10,000" అని రాసేశారు. ఆ ఒక్క వాక్యం ఖరీదు లెక్కేద్దాం. ఆ ఫీజు ఇక్కడ పన్ను కట్టాల్సిన సాంకేతిక సేవల ఫీజే అని మీ సీఏ తేల్చారు. బ్రిటన్‌తో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం రేటు 15 శాతం. చేతికి 10,000 అందాలంటే అసలు ఫీజు 11,765 డాలర్లు అవుతుంది. టీడీఎస్ 1,765 మీరు కట్టాలి. మినహాయింపు వర్తించకపోతే, విదేశం నుంచి సేవ తెప్పించుకున్నందుకు రివర్స్ ఛార్జ్ కింద జీఎస్టీ 18 శాతం, అది కూడా పెరిగిన ఫీజు మీదే, అంటే దాదాపు 2,118. మొత్తం 13,883. కంపెనీ అయితే జీఎస్టీ క్రెడిట్ తీసుకుంటుంది. స్వచ్ఛంద సంస్థకు చాలాసార్లు ఆ వీలు ఉండదు, కట్టినదంతా ఖర్చే. బడ్జెట్‌లో ఉన్నది మాత్రం 10,000.

ఆ 15 శాతం రేటు కూడా ఊరికే రాదు. కన్సల్టెంటు తన దేశపు ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి, పాత ఆదాయపు పన్ను చట్టం కింద ఫారం 10ఎఫ్ అని పిలిచిన డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో నింపాలి, ఇండియాలో తనకు స్థిర కార్యాలయం లేదని రాసివ్వాలి. ఇవి లేకపోతే దేశీయ రేటు పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అది 20 శాతం, సెస్సుతో 20.8. అప్పుడు ఫీజు లెక్క 12,626 దాకా పోతుంది. సర్టిఫికెట్ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి దాన్ని పేమెంటు సమయంలో కాదు, ఒప్పందం సమయంలోనే అడగాలి. నేనైతే సర్టిఫికెట్ అందాకే మొదటి వాయిదా అని ఒప్పందంలోనే రాయిస్తాను. అమెరికా, బ్రిటన్, సింగపూర్ ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంది. సేవతోపాటు ఆ నైపుణ్యం కూడా మన చేతికి వచ్చి, రేపు మనమే సొంతంగా చేసుకోగలిగితేనే చాలా సేవలకు ఇక్కడ పన్ను వర్తిస్తుంది. అందువల్ల "సలహా సేవలు" అని ఒక్క ముక్కలో రాసిన స్కోప్ సీఏకి ఎందుకూ పనికిరాదు. ఏం చేశారు, ఎక్కడ కూర్చుని చేశారు, ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారు అన్నది రాయండి. టూరిస్టు వీసా మీద వచ్చి ట్రైనింగ్ ఇచ్చిన కన్సల్టెంటు హోటల్ బిల్లు మీ ఫైల్లో ఉంటే, అదే మీకు ఇబ్బంది తెస్తుంది. వీసా ఏది కావాలో టికెట్ కొనకముందు అడగండి.

ఇక విదేశీ చెల్లింపులకు 15సీఏ, 15సీబీ అని మనం నాలుక తిరిగేలా అలవాటు చేసుకున్న ఫారాల సంగతి. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత టెంప్లేట్ కాపీ చేయకుండా పోర్టల్‌లో ఆ రోజు ఉన్న ఫారమే నింపండి. పని మాత్రం అదే. పన్ను గురించి డిక్లరేషన్ మీది, సర్టిఫికెట్ సీఏది, వాటిలోని మొత్తం ఇన్‌వాయిస్ మొత్తంతో పైసాతో సహా కలవాలి.

చిన్నదనిపించే తలనొప్పి పేర్లది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్ల ఫారంలో చివర ఉంటుంది. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి, కొన్నిసార్లు బ్యాంకు రికార్డులోకి కూడా అదే ఎక్కుతుంది. ఇన్‌వాయిస్ మీద పొడి అక్షరాలతో పేరు, బ్యాంకులో పూర్తి పేరు ఉంటే పేమెంటు వెనక్కి వస్తుంది, దారిలో రెండు బ్యాంకుల ఛార్జీలు పోతాయి. పేరు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎలా ఉందో అలాగే ఇన్‌వాయిస్ మీద రాయించండి. ఛార్జీలు ఎవరివో కూడా ముందే తేల్చండి. షేర్డ్ అని పెడితే 10,000 పంపినచోట కొన్ని డాలర్లు తగ్గి చేరతాయి, కన్సల్టెంటు అకౌంట్స్‌లో మీ ఇన్‌వాయిస్ ఓపెన్‌గానే ఉండిపోతుంది.

సరుకు దగ్గర జాలిపడి చేసే తప్పులు ఎక్కువ. అమెరికాలో ఒక ఆఫీసు పాత ల్యాప్‌టాప్‌లు నలభై ఇస్తానంది, గుంటూరు జిల్లా బడికి పంపిద్దామన్నారు. పంపేవాళ్లు ఇన్‌వాయిస్ మీద విలువ సున్నా, పక్కన "డొనేషన్" అని రాశారు. కస్టమ్స్‌లో సున్నా అనే విలువ లేదు. ఉచితంగా వచ్చినా బజారులో ఎంత చేస్తుందో అది చెప్పాలి. పైగా వాడిన ఎలక్ట్రానిక్స్ దిగుమతికి డీజీఎఫ్‌టీ అనుమతి కావాలి, బీఐఎస్ నిబంధనలు ఉన్నాయి. బడికి ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) లేదు. విదేశీ సంస్థ ఇచ్చిన వస్తువు కూడా ఎఫ్‌సీఆర్‌ఏ లెక్కలో విరాళమే, బ్యాంకు ఖాతాలో కనబడకపోయినా సరే. ఉచిత గడువు దాటాక శంషాబాద్ కార్గోలో పెట్టెలు పడి ఉన్న ప్రతి రోజుకీ డెమరేజ్ నడుస్తుంది. ఇలాంటి కేసులో నా సలహా ఒకటే. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారా డబ్బు తీసుకుని ఇక్కడే కొత్తవి కొనండి. దాతకు ఫొటో, బిల్లు పంపండి. ఇది చెప్పడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే దాత మనసు నొచ్చుకుంటుందని పైవాళ్లు భయపడతారు. పెట్టెలు గోడౌన్‌లో ఇరుక్కుంటే దాత ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు.

బయటికి పంపే శాంపిళ్లకూ ఇదే. "వాణిజ్య విలువ లేదు" అన్న ముద్ర సుంకం నుంచి తప్పించదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. కన్సల్టెంటు ఇంటికి పంపిన చిన్న పెట్టెకు కూడా హెచ్‌ఎస్ కోడ్, సరైన వర్ణన, నిజమైన విలువ, సుంకం ఎవరు కడతారన్న షరతు ఉండాలి. లేకపోతే కొరియర్ వాళ్లు బిల్లు ఆయన తలుపు దగ్గర ఇస్తారు.

పైవాళ్ల ఒత్తిడి ఉంటుంది, ఉండక మానదు. "ఈరోజే పంపెయ్, కాగితాలు తర్వాత చూద్దాం" అన్నప్పుడు గొడవపడకుండా ఒక మెయిల్ రాయండి: ఏ కాగితం లేదు, అది ఎవరి దగ్గర ఉంది, వచ్చిన రోజు నుంచి ఎన్ని రోజుల్లో డబ్బు వెళ్తుంది. మూడు లైన్లు చాలు. తేదీతో ఉన్న ఆ మెయిల్ రెండేళ్ల తర్వాత ఆడిటర్ ముందు మిమ్మల్ని కాపాడుతుంది. చాలాసార్లు ఆ రోజే పైవాళ్లు తగ్గుతారు కూడా.

తొందరపెట్టడంలో ఇంకో రకం ఉంది, దాన్ని విడిగా చూడాలి. పేమెంటు రేపు వెళ్తుందనగా కన్సల్టెంటు నుంచి మెయిల్ వస్తుంది, మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి అని. సంతకం, లోగో అన్నీ అచ్చం ఉంటాయి. మెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా. ఆ మెయిల్‌కు రిప్లై ఇవ్వకండి, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. ఒప్పందం మీద సంతకం చేసిన రోజు మీ ఫైల్లో రాసుకున్న నంబరుకు చేసి, గొంతు విని, కొత్త ఖాతాకు ఆ బ్యాంకు ఇచ్చిన లెటర్ తెప్పించుకుని, ఇంకో కొలీగ్ చేత సరిచూపించాకే బెనిఫిషియరీ మార్చండి. ఆ ఫోన్ టైము, మాట్లాడినవాళ్ల పేరు వోచర్ వెనక రాయండి.