పసుపు ఎవరి సొత్తు?

దెబ్బ తగిలిన చోట పసుపు అద్దుట మన దేశమున ప్రతి గృహిణికిని తెలిసిన వైద్యమే. అయినను 1995వ సంవత్సరమున అమెరికాలో, పసుపుతో గాయములను మాన్పు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించెను. పేటెంటు అనగా నూతన కల్పనపై దాని కర్తకు ప్రభుత్వము కొంతకాలము ఇచ్చు ప్రత్యేకమైన హక్కు. లోకమునకు ముందే తెలిసిన దానికి ఆ హక్కు చెల్లదు.

భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఈ పేటెంటును పునఃపరిశీలింపవలెనని కోరెను. "మా అవ్వకు తెలియును" అన్నంత మాత్రమున చాలదు. వ్రాతపూర్వకమైన సాక్ష్యము కావలెను. మండలి ప్రాచీన సంస్కృత గ్రంథములను, 1953లో భారతీయ వైద్యసంఘ పత్రికలో వెలువడిన వ్యాసమును చూపెను. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయము ఆ హక్కును త్రోసిపుచ్చెను.

అయితే ప్రతి మూలికకును ఇట్లు వాదించుట సాధ్యమా? పరదేశపు పరీక్షకులకు మన ప్రాచీన గ్రంథముల భాషలు తెలియవు. అందుచే 2001లో భారతదేశము సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును నెలకొల్పెను. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని ఔషధ యోగములు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో కంప్యూటరున కెక్కినవి. 2009లో ఐరోపా పేటెంటు కార్యాలయమునకు వానిని పరిశీలించు వీలు కలిగెను.

నలుగురి సొత్తు నలుగురిదిగనే నిలువవలెనన్నచో, దానిని నలుగురును చదువగల రీతిని భద్రపఱుపవలెను.