మిగిలిపోయిన మందులను ఏం చేయాలి?

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి కిందికి దింపి చూడండి. సగం వాడిన జలుబు మాత్రలు, నిరుడు దాదీకి రాసిన బీపీ మాత్రలు, మూత బిగుసుకుపోయిన దగ్గు షర్బత్, అడుగున గట్టిపడ్డ ఖమీరా, పొట్లం మీద పేరు చెరిగిపోయిన ఏదో కుష్తా. చాలా ఇళ్ళలో ఇదే వరుస. "హకీం సాబ్ ఇచ్చిన జడీబూటీయే కదా, పాతబడితే నష్టమేముంది" అని దాచిపెట్టేవారు చాలామంది. ఇది సరికాదు. యునానీ మందు లేబుల్ మీద కూడా గడువు తేదీ ఉండాలని చట్టమే చెబుతోంది. తేదీ ఇంకా దాటకపోయినా మాజూన్, ఖమీరా పులిసిన వాసన వేస్తే, నురుగు వస్తే, బూజు పడితే వాడకండి. తడి చెంచా పెట్టిన డబ్బా త్వరగా చెడుతుంది. యానాం, చెన్నై వంటి సముద్రపు గాలి ఊళ్ళలో మూత వదులైనా అంతే.

పారేయాలని నిర్ణయించుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. ఖమీరా తియ్యగా ఉంటుంది, పిల్లలకు అది హల్వా. హబ్బ్ అంటే చిన్న గోళీ, అది వాళ్ళకు పిప్పరమెంటులా కనిపిస్తుంది. హబ్బె అజారాఖీలో ముష్టి గింజ ఉంటుంది. శుద్ధి చేసి కొలత ప్రకారం ఇస్తేనే అది మందు. పిల్లవాడు గుప్పెడు మింగితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగితే వాంతి చేయించకండి, ఇంటి వైద్యంతో కాలం గడపకండి. ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

వీధి కుప్ప మీద పారేయడమూ తప్పే. అక్కడ మేకలు, ఆవులు మేస్తాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందులకు చేరి, మన దేశంలో రాబందులు దాదాపు అంతరించే స్థితికి వచ్చాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు.

మామూలు మాత్రలు, సఫూఫ్, మాజూన్, షర్బత్ వంటివైతే ఇలా చేయండి. డబ్బాలోంచి తీసి వాడేసిన చాయ్ పొడి, మట్టి లేదా రంపపు పొట్టుతో కలపండి. మాత్రలను నూరకండి. ఎవరూ నోట పెట్టలేనట్టు అయ్యాక మందపాటి కవర్‌లో వేసి గట్టిగా మూతి కట్టండి. తడి చెత్తలో కాకుండా విడిగా ఇవ్వండి. గడువు దాటిన మందులను ఇంటి ప్రమాదకర చెత్తగా 2016 ఘన వ్యర్థాల నిబంధనలే లెక్కగట్టాయి. మీ ఊరి మున్సిపాలిటీ బండివారిని ఏ రోజు తీసుకుంటారో అడగండి. 2025లో కేరళ మందుల శాఖ కోళికోడ్‌లో ఇళ్ళ నుంచి పాత మందులను సేకరించే పథకం మొదలుపెట్టింది. మన ఊళ్ళలోనూ ఇలాంటిది రావాలి.

కుష్తాల సంగతి వేరు. కుష్తా ఫౌలాద్‌లో ఇనుము, కుష్తా ఖలయీలో తగరం ఉంటాయి. సమ్ముల్‌ఫార్ అంటే పాషాణం. షంగర్ఫ్ అంటే ఇంగిలీకం, అందులో ఉండేది పాదరసం. ఆకులూ వేర్లూ కుళ్ళి మట్టిలో కలుస్తాయి, లోహం కలవదు. పెరట్లో పూడిస్తే అక్కడే ఉండి బావి నీళ్ళకు చేరవచ్చు. పొయ్యిలో వేస్తే పాదరసం, పాషాణం ఆవిరై వంట చేసేవారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి కుష్తాను దేనితోనూ కలపకండి, సింకులో పోయకండి. సీసా మూత మీద టేపు చుట్టి, "కుష్తా, విషం" అని రాసి విడిగా అప్పగించండి. మందు ఇచ్చిన దవాఖానావారు వెనక్కి తీసుకుంటారేమో ముందుగా అడగడం మంచిది. ఖాళీ అయిన ఆ సీసాను మాత్రం కడిగి వంటింట్లో వాడకండి.

టాయిలెట్‌లో పోసి నీళ్ళు వదలడం అన్ని మందులకూ పనికిరాదు. ఒక్క మోతాదే ఇంకొకరి ప్రాణం తీయగల 17 మందులకు మాత్రం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఈ పద్ధతి సూచించింది. ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్ అందులోవే. క్యాన్సర్ నొప్పికి వాడిన పట్టీలు పెద్దవారు పోయాక ఇంట్లో మిగిలిపోతుంటాయి. అవి వాడేశాక కూడా ప్రమాదమే.

పాత మాత్రలను పనిమనిషికో, పొరుగువారికో ఇచ్చేయడం దానం అనుకోకండి. ఒకరి షుగర్ మాత్ర ఇంకొకరికి స్పృహ తప్పిస్తుంది. కబాడీకి సీసాలు వేసేటప్పుడు లేబుల్ చింపండి, ఆ సీసాలోనే నకిలీ మందు నింపి అమ్మేవారున్నారు. ఇన్సులిన్ సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత పెట్టి ఇవ్వండి, చెత్త ఏరే పిల్లల చేతికి గుచ్చుకోకుండా.