నోరు తెరిపించి చూసిన నలభై ఏళ్ళు

నోటి క్యాన్సర్ ఆపరేషన్లు చేసి రిటైరైన సర్జన్ని. ఈ జబ్బు మీద పరిశోధన ఎటు నడిచిందో, నేను ఎక్కడ పొరబడ్డానో, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను.

1. పుస్తకం కన్నా ముందు ఊరిని చదవండి.

శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట వెలిగించిన కొసనే నోట్లో పెట్టుకోవడం. ఎందుకని అడిగితే ఒక ముసలమ్మ, "నిప్పు లోపలుంటే గాలికి ఆరిపోదు బాబూ" అంది. ఆ వేడికి, పొగకు అంగిలి మీద క్యాన్సర్ వచ్చేది. మిగతా ప్రపంచంలో అంగిలి మీద రావడం అరుదు. పిండ్‌బోర్గ్, మెహతా అనే పరిశోధకుల బృందం ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించింది. ఇప్పుడు గుట్కా, ఖైనీ కాలం. పుండు బుగ్గ లోపలికి, చిగుళ్ళ పక్కకు మారింది. నమిలేవాళ్ళు రెండు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరవలేక వస్తున్నారు.

2. చేతికి తగల్లేదని మెడను వదిలెయ్యకండి.

ఇది నా తప్పు. నాలుక పక్కన చిన్న పుండుతో ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. మెడలో గడ్డలేమీ తగల్లేదు. పుండు వరకు తీసేసి, "నెలనెలా వచ్చి చూపించుకో నాయనా" అని పంపాను. మూడు నెలలు వచ్చాడు. తర్వాత కిరాయిలు పోతాయని మానేశాడు. మళ్ళీ కనిపించేసరికి మెడలో నిమ్మకాయంత గడ్డ. ఆ ఏడాది దాటలేదు.

అప్పట్లో మెడ గ్రంథులను ముందే తీసెయ్యడం, గడ్డ కనిపించాక తియ్యడం అనే రెండు పద్ధతులకూ సమర్థకులు ఉండేవారు. తేల్చింది ముంబై టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందం, 2015లో. మెడలోని లింఫు గ్రంథులను మొదటి ఆపరేషన్‌లోనే తీసేసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికున్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతమే. ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అబ్బాయి ముఖమే కళ్ళ ముందు మెదిలింది.

3. టార్చిలైటు చాలు.

తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి నోళ్ళు పరీక్షింపజేశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లెక్క తేలింది. మన ఆశా కార్యకర్తలు చెయ్యలేని పని కాదిది. చేయించకపోవడం అన్యాయం.

4. పడమటి ఫలితాన్ని మన రోగికి ఉన్నదున్నట్టు అతికించకండి.

అమెరికాలో గొంతు క్యాన్సర్లలో చాలావాటికి కారణం హెచ్‌పీవీ వైరస్. ఆ రకం క్యాన్సర్ చికిత్సకు బాగా లొంగుతుంది. మన దగ్గర ఎక్కువగా చూసేది పొగాకు, వక్క తెచ్చే జబ్బు. అంత తేలిగ్గా లొంగదు.

5. డోసును కూడా ప్రశ్నించాలి.

నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు వచ్చినప్పుడు సంతోషించాను. ధర చూసి నీరుగారిపోయాను. పొలం అమ్మినా నాలుగు డోసులకు చాలదని కొడుకులు నా ముందే లెక్కలు వేసుకునేవారు. టాటా మెమోరియల్ వాళ్ళే మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు, మింగే మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. నయం చెయ్యలేని దశలో ఉన్నవాళ్ళు వాళ్ళంతా. మాత్రలు మాత్రమే వాడినవాళ్ళలో ఏడాదికి 16.3 శాతం మంది బతికుంటే, ఈ కాస్త మందు కలిపినవాళ్ళలో 43.4 శాతం మంది ఉన్నారు. 2023లో వచ్చిన ఈ ఫలితాన్ని, నేను చదివిన వాటన్నిటిలోకీ గొప్పదిగా లెక్కిస్తాను. పేదవాడి జేబు కొలతకు పరిశోధన చేశారు కాబట్టి.

6. చదివేవాళ్ళకు ఒక మాట. ఇంట్లో పొగాకు అలవాటున్నవాళ్ళు ఉంటే, నెలకోసారి వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించండి. నాలుక పక్కలు, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో, రెండు వారాలైనా మానని పుండో కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఆగకండి. మొదట్లో నొప్పి ఉండదు.